ఈ వచనము ఎవరిది? – కర్తృత్వ నిర్ణయమున కంప్యూటరు సాయము

వచనమునకు ప్రాణము అనుభావము, గుర్తు అంకితము. 12వ శతాబ్దపు శరణులలో పెక్కురు వచనమున తమ పేరు చెప్పుకొనలేదు. తాము నమ్మి కొలిచిన దైవము పేరును చివర నిలిపి ఊరకుండిరి. ‘కూడలసంగమదేవ’ అని చెవిని పడినంతనే అది బసవేశ్వరుని వాక్కని శ్రోత గ్రహించును. ‘గుహేశ్వర’ అనిన అల్లమప్రభువు, ‘చెన్నమల్లికార్జున’ అనిన అక్కమహాదేవి, ‘కపిలసిద్ధమల్లికార్జున’ అనిన సొన్నలిగె సిద్ధరామేశ్వరుడు, ‘రామనాథ’ అనిన దేవర దాసిమయ్య స్ఫురింతురు. అంబిగర చౌడయ్యవలె తన పేరునే అంకితముగా పలికినవారు కొందరే.

ఈ పద్ధతి వినయమునుండి పుట్టినది. ఐనను ఎనిమిది వందల ఏండ్లు గడచిన పిమ్మట ఆ వినయమే చదువరికి ఒక చిక్కు తెచ్చిపెట్టినది. అంకితము ఒకటి రెండు పదములు మాత్రమే. దానిని ఎవరైనను వ్రాయగలరు, ఎవరైనను మరచిపోగలరు. నేడు పెండ్లి పత్రికలమీద, గోడ క్యాలెండర్లమీద, చేతిలోని ఫోనులలో ‘బసవవాణి’ అను పేర ఎన్నియో మాటలు తిరుగుచున్నవి. వానిలో శరణులు పలికినవి ఎన్ని? పిమ్మట ఎవరో కూర్చినవి ఎన్ని? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో ఇప్పుడు కంప్యూటరును ఒక సాధనముగా వాడుచున్నారు. అది చేయగల పని యేమి, చేయలేని పని యేమి అనునది ఈ పాఠమున విచారింపబడును.

అంకితమున కలుగు పొరపాట్లు

బసవేశ్వరుని అంకితము కూడలసంగమదేవ. ఆయన మేనల్లుడు చెన్నబసవేశ్వరుని అంకితము కూడలచెన్నసంగమదేవ. ధర్మపత్ని గంగాంబికది గంగాప్రియ కూడలసంగమదేవ. నడుమనున్న ‘చెన్న’ అను రెండక్షరములు వ్రాయసకాని చేతిలో జారినచో మేనల్లుని వచనము మేనమామ లెక్కలో చేరును. మొదటి ‘గంగాప్రియ’ విడిపోయినచో ఇల్లాలి మాట మగనిమాట యగును. అట్లే చెన్నమల్లికార్జున, కపిలసిద్ధమల్లికార్జున, డోహర కక్కయ్యగారి అభినవమల్లికార్జున అను మూడు అంకితములలోను మల్లికార్జున శబ్దము సమానము. ముందున్న విశేషణము చెదలు తిన్న ఆకుచివర పోయినచో, ఆ వచనము ముగ్గురిలో ఎవరిదో చెప్పుట కష్టము.

ఇది పొరపాటున జరుగునది. తెలిసి జరుగునది వేరొకటి కలదు. తన మాటకు విలువ రావలెనని కోరినవాడు దానికి గొప్పవారి అంకితము తగిలించును. తెలుగువారికి ఇందుకు వేమన పద్యములే నిదర్శనము. వేమన మకుటము పలుకుబడియందు ఎంత సులువుగా నిలిచెనో, ఇతరులు వాడుకొనుటకును అంత సులువైనది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1829లో అచ్చువేసిన వేమన పద్యములు ఏడువందలకు దగ్గర. 1839 నాటి కూర్పులో అవి వెయ్యి దాటినవి. పిమ్మటి సంకలనములలో సంఖ్య వేలకు పెరిగినది. ఇవన్నియు ఒక్క నోట వెలువడినవని విమర్శకులు అంగీకరింపరు.

‘మాట మంచిదైనచో చాలదా? ఎవరు చెప్పిన నేమి?’ అని కొందరు అడుగుదురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. మంచిమాట ఎవరు చెప్పినను మంచిదే. కాని శరణ ధర్మమున నుడికిని నడతకును భేదము లేదు. పలికినవారి జీవితము ఆ పలుకునకు సాక్షి. బియ్యపుగింజ లేరి జీవించిన స్త్రీ ఆశ వలదని చెప్పుటకును, సింహాసనము చెంతనుండి ఆ మాటయే చెప్పుటకును బరువు వేరు. పైగా ఒక సామాన్య శరణుని మాటను పెద్దవారి పేర వ్రాయుట ఒకరి కాయక ఫలమును ఇంకొకరి లెక్కలో జమకట్టుట వంటిది. కావున ‘ఎవరిది?’ అను ప్రశ్న పాండిత్య వినోదము కాదు, అది న్యాయవిచారణ.

పండితులు అనుసరించిన మార్గము

కంప్యూటరు రాకమునుపే పండితులు ఈ విచారణ చేసిరి. తెలుగున ప్రసిద్ధమైన ఉదాహరణము క్రీడాభిరామము. ఓరుగంటి వీథుల జీవితమును వర్ణించు ఆ వీథి గ్రంథమున కర్తగా వినుకొండ వల్లభరాయుని పేరు కలదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు (1888–1950) దానిని శ్రీనాథుని రచనగా వాదించిరి. పద్యముల నడక, పదబంధముల పోలిక, శ్రీనాథుని ఇతర గ్రంథములతో సామ్యము వారి వాదమునకు ఆధారములు. గ్రంథమున ఉన్న పేరునే నమ్మవలెనని ఇతరులు వాదించిరి. ఉభయపక్షములును చదివినవారికి ఒక సంగతి తెలియును. ఒక పద్యము శ్రీనాథుని నడకవలె ఉన్నదని ఒక పండితునికి తోచినది. రెండవ పండితునికి అట్లు తోచలేదు. ఇద్దరి చెవులును సుశిక్షితములే. ఏ చెవిని నమ్మవలెను?

ఇక్కడనే లెక్క అవసరమైనది. పోలికను చెవితో మాత్రమే కాక సంఖ్యతో కూడ కొలువవచ్చునా అని పాశ్చాత్య దేశములలో కొందరు ఆలోచించిరి. గణితవేత్త ఆగస్టస్ డి మోర్గన్ 1851లో వ్రాసిన యొక లేఖలో, రచయిత వాడు మాటల సగటు పొడవునుబట్టి అతనిని గుర్తింపవచ్చునేమో అని సూచించెను. 1887లో థామస్ మెండెన్‌హాల్ అను శాస్త్రజ్ఞుడు మాటల పొడవులను లెక్కించి గీతలుగా గీసి చూపెను. మాటల పొడవు ఒక్కటే చాలదని పిమ్మట తేలినది. కాని మార్గము తెరువబడినది.

చిన్న మాటల సాక్ష్యము

ఎమ్మిగనూరు మగ్గములను ఎరిగినవారికి ఈ సూక్ష్మము సులభముగా బోధపడును. ఒక నేతగాని రంగులను, అంచు పూలను చూచి ఇంకొకడు అట్లే నేయవచ్చును. అవి కంటికి కనబడునవి. అందుచేత అనుకరణకు లొంగునవి. కాని పేకను ఎంత బిగువుగా కొట్టునో, తెగిన పోగును ఎట్లు ముడివేయునో అతడు తలచి చేయు పనులు కావు. అవి చేతి అలవాట్లు. అనుకరించువాడు వానిని గమనింపడు, నేసినవాడు దాచడు.

రచనయందును ఇట్లే. గంభీర పదములు, ఉపమానములు, అంకితము బట్టయంచు పూల వంటివి. కాని, ఐతే, కూడ, అని, మరి, కదా, వలన, కొరకు మొదలగు చిన్న మాటలు చేతి బిగువు వంటివి. విషయము ఏదైనను ఇవి రాక తప్పదు. ఎవరెన్నిసారులు వాడుదురో వారికే తెలియదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదన్నట్లు ఈ అలవాటు రచయితను విడువదు.

ఈ చిన్న మాటల బలమును లోకమునకు చాటిన విచారణ అమెరికాలో జరిగినది. 1787, 1788 సంవత్సరములలో ఆ దేశపు రాజ్యాంగమును సమర్థించుచు న్యూయార్కు పత్రికలలో 85 వ్యాసములు వెలువడినవి. అన్నిటికిని ‘పబ్లియస్’ అను మారుపేరే. వ్రాసినవారు అలెగ్జాండర్ హామిల్టన్, జేమ్స్ మాడిసన్, జాన్ జే అను మువ్వురు. వానిలో 12 వ్యాసములు హామిల్టనువా, మాడిసనువా అను వివాదము నూటయేబది ఏండ్లకు పైగా తెగలేదు. ఇద్దరును ఒకే విద్య చదివిరి, ఒకే విషయమును ఒకే ధోరణిలో వ్రాసిరి.

ఫ్రెడరిక్ మోస్టెల్లర్, డేవిడ్ వాలెస్ అను గణాంకవేత్తలు కంప్యూటరు సాయమున చిన్న మాటలను లెక్కించి 1964లో తమ గ్రంథమును ప్రకటించిరి. ‘మీద’ అను అర్థము గల ‘అపాన్’ అను ఆంగ్లపదమును హామిల్టన్ వెయ్యి మాటలకు సుమారు 3 మార్లు వాడెను. మాడిసన్ అయిదువేల మాటలకు ఒకమారు వాడుటయే అరుదు. ఇట్టి మాటలను పెక్కింటిని కలిపి తూచగా 12 వ్యాసములును మాడిసను వైపే మొగ్గినవి. రాజ్యాంగమును గూర్చిన మహాపదములు తేల్చలేని వ్యాజ్యమును ‘మీద’ అను చిన్న మాట తేల్చుటకు తోడ్పడినది.

లెక్క జరుగు విధము

సాఫ్ట్‌వేరు అనిన మంత్రము కాదు. అది లెక్క చేయవలసిన క్రమమును కంప్యూటరునకు చెప్పు వ్రాత. దాని లోపల జరుగు పనిని బడిపిల్లలు కూడ పలకమీద చేయవచ్చును.

ఇద్దరు రచయితలున్నారని ఊహింపవలెను. మొదటివాడు వెయ్యి మాటలలో ‘కాని’ 12 మార్లు, ‘కూడ’ 5 మార్లు, ‘అందువలన’ 2 మార్లు వాడును. రెండవవాడు ‘కాని’ 4 మార్లు, ‘కూడ’ 11 మార్లు, ‘అందువలన’ 7 మార్లు వాడును. పేరులేని యొక వ్రాతలో ఈ మాటలు వరుసగా 10, 6, 3 మార్లు కనబడినవి. మొదటివానితో భేదములు 2, 1, 1, మొత్తము 4. రెండవవానితో భేదములు 6, 5, 4, మొత్తము 15. భేదము తక్కువైన మొదటివానికి ఆ వ్రాత దగ్గర.

మూడు మాటలతో తీర్పు చెప్పరాదు. అందుచేత నూరు, నూటయేబది మాటలను తీసికొందురు. ఇందులో ఒక సవరణ అవసరము. కొన్ని మాటలు సహజముగనే ఎక్కువసారులు వచ్చును. వాని భేదములే మొత్తమును మ్రింగివేయును. కావున ప్రతి మాటయందు రచయితల మధ్య మామూలుగా నుండు హెచ్చుతగ్గు ఎంతో ముందు కనుగొని, దానితో భేదమును భాగింతురు. అప్పుడు అన్ని మాటలకును సమానమైన విలువ వచ్చును. పిమ్మట సగటు కట్టుదురు. ఆస్ట్రేలియా విద్వాంసుడు జాన్ బరోస్ 2002లో ప్రకటించిన ‘డెల్టా’ పద్ధతి సారాంశము ఇదియే. ఈ లెక్కలు చేయు ‘స్టైలో’, ‘జేగాప్’ అను సాఫ్ట్‌వేరులు ఉచితముగనే లభించును.

ఒక జయము, ఒక పరాజయము

2013 ఏప్రిల్ నెలలో ఇంగ్లండున రాబర్ట్ గాల్‌బ్రెయిత్ అను పేర ఒక అపరాధ పరిశోధక నవల వెలువడినది. అది హారీ పోటర్ కథలు వ్రాసిన జె. కె. రౌలింగ్ రచన అని ఒక పత్రికకు సూచన అందినది. ఆ పత్రిక అమెరికాలోని డ్యుకేన్ విశ్వవిద్యాలయపు పాట్రిక్ జుయోలా, ఆక్స్‌ఫర్డునకు చెందిన పీటర్ మిలికన్ అను ఇద్దరిని పరీక్షింప కోరినది. జుయోలా ఆ నవలను రౌలింగ్ నవలతోను, మరి ముగ్గురు రచయిత్రుల నవలలతోను పోల్చెను. మాటల పొడవు, మిక్కిలి తరచుగ వచ్చు 100 మాటలు, జంట మాటలు, నాలుగేసి అక్షరముల వరుసలు అను నాలుగు పరీక్షలు జరిపెను. మొత్తముమీద రౌలింగ్ పోలికయే బలముగా నిలిచినది. ఇది రుజువు కాదనియు, సూచన మాత్రమే యనియు ఆయన స్పష్టముగా చెప్పెను. జులై నెలలో రౌలింగ్ స్వయముగా ఒప్పుకొనగా సంగతి స్థిరపడినది. సూచన మనుష్యుడిచ్చెను, బలము లెక్క ఇచ్చెను, తీర్పు కర్త నోట వచ్చెను. ఈ వరుస మరువరానిది.

దీనికి ఎదురైన ఉదాహరణమును తెలియవలెను. 1612లో ‘డబ్ల్యు. ఎస్.’ అను పొడి అక్షరములతో ఇంగ్లండున ఒక స్మృతికావ్యము అచ్చయినది. అమెరికా ఆచార్యుడు డోనాల్డ్ ఫాస్టర్ పదముల పోలికలను కంప్యూటరున వెదకి, అది షేక్స్‌పియరుదని వాదించెను. 1990 దశకమున ఆ వాదమునకు గొప్ప ప్రచారము కలిగి, షేక్స్‌పియరు సంపుటములలో కూడ ఆ కావ్యము చేరినది. పిమ్మట ఇతర పండితులు అది జాన్ ఫోర్డు అను కవి నడకయని చూపిరి. 2002లో ఫాస్టర్ ఆ నిర్ణయమును అంగీకరించెను. లెక్క యంత్రముది, ఎవరితో పోల్చవలెనో ఎంచుకొనుట మనుష్యునిది. అసలు కర్త పేరు పట్టికలో లేనిచో, యంత్రము ఉన్నవారిలో దగ్గరివానిని చూపి ఊరకుండును. ‘వీరిలో ఎవరును కారు’ అని దానంతట అది చెప్పదు.

తెలుగు, కన్నడముల ప్రత్యేకత

ఆంగ్లమున చిన్న మాటలు విడివిడిగా నుండును. తెలుగున, కన్నడమున విభక్తులు, సముచ్చయములు, అవధారణలు మాటకు అతుకుకొని యుండును. ‘ఇంటికి’ అనుమాటలో ‘కి’ని, ‘అతడును’ అనుమాటలో ‘ను’ను విడదీయనిచో అసలు సాక్ష్యము చేజారును. సంధి కలిసినచో రెండు మాటలు ఒకటియగును. ఒక అచ్చుప్రతి సంధి విడదీసి, ఇంకొక ప్రతి కలిపి ముద్రించినచో లెక్కలు వేరగును. అందుచేత మన భాషలకు మూడు నాలుగేసి అక్షరముల వరుసలను లెక్కించు పద్ధతి ఎక్కువ అనుకూలము. ప్రత్యయములు ఆ వరుసలలో తమంతట తామే చిక్కును.

ఛందస్సు వలన ఇంకొక ఇబ్బంది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో వ్రాసెను. వృషాధిప శతకమును వృత్తములలో వ్రాసెను. ద్విపదయందు ప్రాసయు, గణములును కోరు మాటలు వేరు. వృత్తమునందు పట్టు మాటలు వేరు. ఈ రెంటిని యంత్రమునకిచ్చినచో అది కర్తల భేదమును కాక ఛందస్సుల భేదమును చూపవచ్చును. ద్విపదను ద్విపదతో, వచనమును వచనముతో పోల్చుటయే న్యాయము.

అనువాదము విషయమున మరింత జాగ్రత్త వలయును. బసవేశ్వరుని వచనముల తెలుగు అనువాదమున చిన్న మాటలన్నియు అనువాదకునివే. దానిని యంత్రమునకిచ్చినచో బయటపడునది అనువాదకుని చేయి. కావున తెలుగు పుస్తకము చేతబట్టి ‘ఇది బసవవాక్కా?’ అని కంప్యూటరును అడుగుట వ్యర్థము. కన్నడ మూలమునకు పోవలసినదే.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములవారికి ఆ మూలము దూరము కాదు. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు 1953 అక్టోబరు 1వ తేదీ వరకు బళ్ళారి జిల్లాలోనివే. శ్రావణ మాసమున ఉరుకుంద ఈరన్నస్వామి సన్నిధికి కర్ణాటకమునుండి వచ్చు భక్తుల మాటయు, ఇక్కడివారి మాటయు ఒండొంటితో కలిసిపోవును. రెండు భాషలును ఎరిగిన ఇట్టి ప్రజలకు ఈ విచారణలో ప్రత్యేకమైన స్థానము కలదు.

వచన సాహిత్యమున చేయదగినది

యంత్రమునకు ముందు గ్రంథము కావలెను. వచనములకు ఆ భాగ్యము కలిగించినవారిలో ప్రథములు ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి (1880–1964). విజయపురమున న్యాయవాదిగా నుండి, ఇండ్లలోను మఠములలోను మూలబడియున్న తాళపత్రములను వెదకి సేకరించిరి. 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించిరి. అచ్చుపనికొరకు ఇల్లు సైతము అమ్ముకొనిరి. 1993లో కర్ణాటక ప్రభుత్వము ఎం. ఎం. కలబురిగి గారి ప్రధాన సంపాదకత్వమున సమగ్ర వచన సంపుటములను 15 భాగములుగా వెలువరించినది. పిమ్మట ‘వచన సంచయ’ అను కృషివలన ఇరువది వేలకు పైగా వచనములు కంప్యూటరున వెదకుటకు అనువుగా చేరినవి. ఏ మాట ఏ శరణుని వచనములలో ఎన్నిమార్లు వచ్చెనో ఇప్పుడు క్షణములో తెలిసికొనవచ్చును. పూర్వము ఒక పండితుని జీవితకాలము పట్టెడి పని యిది.

ఐనను ఇక్కడ ఒక మెలిక కలదు. 12వ శతాబ్దమున పలికిన వచనములు నేడు లభించునవి చాలవరకు ఆ తరువాతి శతాబ్దములలో వ్రాసిన ప్రతులనుండియే. 15వ శతాబ్దమున శివగణప్రసాది మహాదేవయ్య శూన్యసంపాదనమును కూర్చినప్పుడు, శరణుల వచనములు సంవాద రూపమున అమర్చబడినవి. అదే గ్రంథము పిమ్మట మరి కొందరి చేతులమీదుగ నడచినది. వ్రాయసకాడు గొప్ప పదమును భక్తితో అట్లే ఉంచును. చిన్న మాటను మాత్రము తన కాలపు వాడుకకు మార్చును. అనగా యంత్రము నమ్ముకొన్న సాక్షినే వ్రాయసకాడు ముందుగా తాకును. చిన్న మాటలలో ఒక పోలిక కనబడినప్పుడు, అది పలికిన శరణునిదా, వ్రాసిన చేతిదా అని విడదీయుటకు ఒకే వచనమునకు పెక్కు ప్రతులు కావలెను.

రెండవ మెలిక పరిమాణము. పోలండు విద్వాంసుడు మాచెయ్ ఎడెర్ జరిపిన పరిశీలనలలో, నమ్మదగిన పోలికకు సామాన్యముగా 5,000 మాటల వ్రాత ఉండుట మేలని తేలినది. కొన్ని రచనలకు అంతకంటె తక్కువయు సరిపడవచ్చును. బసవేశ్వరుని వచనములు వెయ్యికి పైబడినవి. చెన్నబసవేశ్వరునివి, అల్లమప్రభువువి అట్లే. వారి మధ్య పోలిక చూచుటకు సామగ్రి కలదు. ఆయ్దక్కి లక్కమ్మ సంగతి అట్లు కాదు.

తుంగభద్రకు ఆవల, నేటి రాయచూరు జిల్లాలోని అమరేశ్వరము ఆమె స్వస్థలమని చెప్పుదురు. భర్త మారయ్య అంకితము అమరేశ్వరలింగ. ఆమెది మారయ్యప్రియ అమరేశ్వరలింగ. రాలిన బియ్యము ఏరుట వారి కాయకము. ఒకనాడు భర్త అవసరమునకు మించి తెచ్చిన బియ్యమును తిరిగి అచ్చటనే పోసి రమ్మని చెప్పిన ఇల్లాలు ఆమె. ఆమె పేర లభించు వచనములు సుమారు 25. ఒక్కొక్కటి నలుబది, యేబది మాటలనుకొన్నను మొత్తము వెయ్యి పైచిలుకు మాత్రమే. ‘మారయ్యప్రియ’ అను ముందుమాట జారి భర్త వచనములలో ఆమె పలుకు ఒకటి కలిసిపోయినదని అనుకొన్నచో, నలుబది మాటల ఆ ఒక్క వచనమును తూచి చెప్పు శక్తి ఏ సాఫ్ట్‌వేరునకును లేదు.

ఇందలి విచారకరమైన సత్యము గమనింపదగినది. పెక్కు వచనములు మిగిలిన పెద్దలకు యంత్రము బాగుగా సాయపడును. ఎవరి మాట పోవుటకు అవకాశము ఎక్కువో, ఆ కొలదిమంది మాటలు మిగిలిన కాయకజీవులకు, స్త్రీలకు అది సాయపడజాలదు. వారిని కాపాడగలది ఒక్కటే: వారి అంకితమును పూర్తిగా, తప్పులేక నిలిపిన ప్రాతప్రతి. అట్టి ప్రతి ఒక్కటి దొరికినను వేయి లెక్కలకంటె మిన్న.

ఇండ్లవారు, మఠములవారు చేయదగినది

మొదటిది, వ్రాతప్రతిని దిద్దకుండుట. తాతగారు ‘ఈరన్న’ అని వ్రాసినచోట మనుమడు శుద్ధరూపమని తలచి ‘వీరన్న’ అని దిద్దవచ్చును. అతని భావము మంచిదే. కాని ఆ ‘ఈ’ అక్షరమే ఆ వ్రాత ఏ ప్రాంతపు చేతిదో చెప్పు సాక్షి. తప్పని తోచినది వేరు కాగితముమీద వ్రాయవలెను గాని ప్రతిమీద వ్రాయరాదు.

రెండవది, ఎత్తివ్రాసినవారి పేరు, ఊరు, సంవత్సరము, ఏ ప్రతినుండి వ్రాసిరో ఆ వివరము మొదటి పుటలో ఉంచుట. పూర్వపు వ్రాయసకాండ్రు గ్రంథాంతమున ఇట్టి వివరములు వ్రాయుచుండిరి. ఫోనుతో తీసిన ఛాయాచిత్రములకును ఇదియే నియమము. ఆకుల వరుస తప్పకుండ, అంచులు తెగకుండ, రెండు వైపులను తీయవలెను. అంకితము సామాన్యముగా చివర ఉండును. ఆకు అంచు తెగినచో పోవునది అదియే.

మూడవది, వచనమును పంచునపుడు అంకితమును విడువకుండుట. పెండ్లి పత్రికలో చోటు చాలదని చివరి మాట తీసివేయుట, కర్త తెలియనిచో ‘బసవవాణి’ అని వ్రాయుట రెండును తగవు. కర్త తెలియనిచో ‘శరణుల వాక్కు’ అనవచ్చును; మూలము దొరకనిచో అదియు అనరాదు.

నాలుగవది, యంత్రము చెప్పినదానిని తీర్పుగా కాక సాక్ష్యముగా స్వీకరించుట. ‘కంప్యూటరు తేల్చినది’ అని ఎవరైన చెప్పినచో నాలుగు సంగతులు అడుగవలెను. ఎవరెవరి రచనలతో పోల్చిరి? ఎన్ని మాటలు తూచిరి? ఏ ప్రతిని వాడిరి? కర్త తెలిసిన వచనములమీద ఆ పద్ధతిని ముందు పరీక్షించి చూచిరా? ఈ నాలుగింటికి సమాధానము చెప్పలేని ఫలితము, మూలము చెప్పలేని వచనము వంటిదే.

అధ్యయన గోష్ఠికి ప్రశ్నలు

1. సమానమైన భాగము గల అంకితములు మూడింటిని చెప్పుడు. ఏ అక్షరములు జారినచో కర్త మారునో చూపుడు.

2. గొప్ప పదములకంటె చిన్న మాటలు కర్తను గుర్తించుటకు ఏల ఎక్కువ తోడ్పడును?

3. తెలుగు అనువాదమును లెక్కించి మూలకర్తను ఏల నిర్ణయింపరాదు?

4. ఇంట నున్న యొక వచన పుస్తకమునుండి ఒక పుటను తీసికొని ‘కాని’, ‘కూడ’, ‘అని’ మొదలగు మాటలను లెక్కింపుడు. వేరొక రచయిత పుటతో పోల్చి భేదములను పట్టికగా వ్రాయుడు.

5. ఆయ్దక్కి లక్కమ్మ వచనములకు యంత్రము చేయలేని మేలును ఒక కుటుంబము ఎట్లు చేయగలదు? ఇంటి అటకమీద, మఠపు పెట్టెలలో నున్న ప్రాతప్రతుల పట్టికను సిద్ధపరచి గోష్ఠిలో చదువుడు.